ఉత్తరంలో బొమ్మ: ఈమెయిల్ వార్తాలేఖ పంపే పద్ధతి

వార్షికోత్సవ సంచిక అనగానే కవితలు, కథలు, ఆటల పోటీల విశేషాలు గుర్తుకొస్తాయి. మేము మాత్రం ఒక పాఠం రాస్తున్నాం. ఇది పుస్తకంలో చదివి రాస్తున్న పాఠం కాదు. మేము చేసిన ఒక తప్పు వల్ల నేర్చుకున్నది. మా తర్వాత వార్తాలేఖ బాధ్యత తీసుకునే తమ్ముళ్లు అదే తప్పు చేయకూడదని దీన్ని ఇక్కడ పెడుతున్నాం.

మేము ఇప్పుడు ఎం.సి.ఏ. చదువుతున్నాం. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్ళం మేమే. మా నాన్నకు చదువు రాదు. చిన్నప్పుడు ఇంటికి ఉత్తరం వస్తే ఆయన దాన్ని పట్టుకుని వీధి చివర మాస్టారి దగ్గరకు వెళ్ళేవాడు. మాస్టారు చదివి వినిపించేదాకా ఆ కాగితంలో ఏముందో మాకు తెలిసేది కాదు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నామో పాఠం మధ్యలో తెలుస్తుంది.

మా తప్పు

మన హాస్టల్‌లో చదివి వెళ్ళినవారికి ఏడాదికి రెండుసార్లు వార్తాలేఖ పంపాలని నిర్ణయించుకున్నాం. వాట్సాప్ గ్రూపు ఉంది కదా అన్నారు కొందరు. ఉంది. కానీ అందులో పొద్దున పెట్టిన కబురు సాయంత్రానికి శుభాకాంక్షల కింద కూరుకుపోతుంది. ఈమెయిల్ అలా కాదు, పెట్టెలోనే ఉంటుంది, ఏడాది తర్వాత వెతికినా దొరుకుతుంది. అందుకని 140 మంది చిరునామాలు సేకరించాం.

డీటీపీ సెంటర్‌కు వెళ్ళి అందమైన పేజీ ఒకటి వేయించాం. పైన హాస్టల్ భవనం, మధ్యలో పదో తరగతి ఫలితాలు, పక్కన పిల్లల ఫొటోలు. అడుగున చిన్న అక్షరాల్లో ఒక విన్నపం: ఒక తమ్ముడికి కౌన్సెలింగ్‌లో మంచి కాలేజీలో సీటు వచ్చింది, గడువులోగా రుసుము కట్టాలి, అన్నలు సాయం చేయండి అని. డీటీపీ అతను మొత్తం పేజీని ఒక్క బొమ్మగా చేసి ఇచ్చాడు. బరువు 6 ఎంబీ. దాన్ని అలాగే ఈమెయిల్‌లో పెట్టి, 140 చిరునామాలూ 'టు' అనే గడిలో వేసి పంపేశాం.

వారం రోజుల్లో వచ్చిన జవాబులు మూడు. కొందరికి ఉత్తరం చేరనే లేదు, బరువు ఎక్కువైందని వాళ్ళ ఆఫీసు సర్వర్ తిప్పి పంపింది. కొందరికి స్పామ్ అరలో పడింది. ఫోనులో తెరిచినవారికి పేజీ అగ్గిపెట్టెంత కనబడింది, అడుగున ఉన్న విన్నపం ఎవరూ చదవలేదు. అందరి చిరునామాలూ అందరికీ కనబడుతున్నాయని ఒక అన్న కోప్పడ్డాడు. ఒక ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్న మరో అన్నకు చూపు లేదు. ఆయన ఫోన్ చేసి, "తమ్ముడూ, మీ ఉత్తరం తెరిస్తే నా కంప్యూటర్ 'ఇమేజ్' అని ఒక్క మాట చెప్పి ఊరుకుంది. ఏం రాశారు?" అని అడిగాడు.

గడువు దాటింది. మొదటి విడతలో వచ్చిన సీటు పోయింది. రెండో విడతలో ఆ తమ్ముడు ఇంటికి చాలా దూరంగా ఉన్న కాలేజీలో చేరాడు. అతను మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "డబ్బు ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను, ఉత్తరంలో ఆ ముక్కే కనబడలేదు" అని తర్వాత నలుగురు అన్నలు చెప్పారు. అప్పటినుంచి ఈ విషయం పట్టుదలగా నేర్చుకున్నాం.

ఈమెయిల్‌లో బొమ్మ ఎలా ప్రయాణిస్తుంది?

ఈమెయిల్ పుట్టినప్పుడు దానికి అక్షరాలు తప్ప ఇంకేమీ తెలియవు. 1971లో అమెరికాలో రే టామ్లిన్సన్ ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు తొలి సందేశం పంపారు. పేరుకూ యంత్రానికీ మధ్య 'ఎట్' గుర్తు పెట్టినది ఆయనే. 1982లో జాన్ పోస్టెల్ రాసిన ఎస్.ఎం.టి.పి. నియమాల ప్రకారం ఉత్తరంలో 128 సంకేతాలకు మాత్రమే చోటు ఉండేది. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, విరామ చిహ్నాలు, కొన్ని యంత్ర సంకేతాలు, అంతే. బొమ్మకు చోటు లేదు. మన తెలుగుకూ లేదు.

1992లో నథానియల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ అనే ఇద్దరు 'మైమ్' అనే పద్ధతిని ప్రతిపాదించారు. ఆ ఏడాది మార్చి 11న బోరెన్‌స్టైన్ పంపిన ఉత్తరంలో ఆయన పాటల బృందం ఫొటో, వారి పాట కూడా వెళ్ళాయి. మైమ్ చేసిన తెలివైన పని ఏమంటే, దారిని మార్చలేదు, సరుకును మార్చింది. దారిలో అక్షరాలే వెళ్ళగలవు కనుక బొమ్మనే అక్షరాలుగా మార్చి పంపి, అవతల మళ్ళీ బొమ్మగా మార్చుకోమంది. ఈ మార్పిడిని 'బేస్ 64' అంటారు.

దీన్ని చేత్తో ఒకసారి చేసి చూద్దాం. బొమ్మ అంటే యంత్రం దృష్టిలో బైట్ల వరుస. ఒక బైటు అంటే 8 బిట్లు. జేపీజీ ఫొటో ఏదైనా మొదటి మూడు బైట్లు 255, 216, 255గా ఉంటాయి. ద్విసంఖ్యామానంలో రాస్తే:

11111111 11011000 11111111

మొత్తం 24 బిట్లు. వీటిని ఎనిమిదేసి కాక ఆరేసి చొప్పున విడగొట్టాలి:

111111 111101 100011 111111

ఇప్పుడు నాలుగు సంఖ్యలు వచ్చాయి: 63, 61, 35, 63. ఆరు బిట్లతో 0 నుంచి 63 వరకు మొత్తం 64 సంఖ్యలు రాయవచ్చు. 0 నుంచి 25 వరకు ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలు, 26 నుంచి 51 వరకు చిన్నబడి అక్షరాలు, 52 నుంచి 61 వరకు అంకెలు, 62కు కూడిక గుర్తు, 63కు స్లాష్. ఈ లెక్కన మన ఫొటో మొదలు 'స్లాష్, తొమ్మిది, చిన్నబడి జె, స్లాష్' అవుతుంది. నమ్మకం లేకపోతే కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, జేపీజీ ఫొటో ఉన్న ఏ ఉత్తరంలోనైనా మూడు చుక్కల మెనూలో 'షో ఒరిజినల్' నొక్కండి. ఫొటో మొదలయ్యే చోట సరిగ్గా ఈ నాలుగు గుర్తులే కనబడతాయి. మేము మొదటిసారి చూసినప్పుడు ల్యాబ్‌లో కేక వేసినంత పని చేశాం.

దీని ఖరీదు కూడా తెలుసుకోవాలి. మూడు బైట్లు నాలుగు అక్షరాలయ్యాయి, అంటే బరువు మూడో వంతు పెరిగింది. పైగా 76 అక్షరాలకు ఒకసారి వరుస మారాలి, ఆ గుర్తులూ బరువే. మొత్తం మీద సుమారు 37 శాతం పెరుగుతుంది. 300 కేబీ ఫొటో ఉత్తరంలో 410 కేబీ అవుతుంది. మేము పంపిన 6 ఎంబీ బొమ్మ 8 ఎంబీ దాటింది. ఆఫీసు సర్వర్లు తిప్పి పంపడంలో ఆశ్చర్యం లేదు.

బొమ్మ పెట్టే మూడు దారులు

మొదటిది జత చేయడం, అనగా అటాచ్‌మెంట్. ఉత్తరం వేరు, బొమ్మ వేరు. చదివేవారు దాన్ని విడిగా తెరవాలి. దరఖాస్తులకు, సర్టిఫికెట్లకు ఇది సరిపోతుంది. వార్తాలేఖకు అంత బాగుండదు.

రెండోది లంకె ఇవ్వడం. బొమ్మ ఎక్కడో ఒక సర్వర్‌లో ఉంటుంది, ఉత్తరంలో దాని చిరునామా మాత్రమే ఉంటుంది. తెరిచినప్పుడు బొమ్మ అక్కడి నుంచి వస్తుంది. ఉత్తరం తేలికగా ఉంటుంది, పెద్ద కంపెనీలు ఇదే వాడతాయి. కానీ బొమ్మను తెచ్చుకున్న క్షణాన ఆ సర్వర్‌కు 'ఫలానావారు ఉత్తరం తెరిచారు' అని తెలిసిపోతుంది. కంటికి కనబడని ఒక్క చుక్క బొమ్మను పెట్టి పాఠకులను గమనించే అలవాటు ఇలా వచ్చింది. అందుకే ఔట్‌లుక్ వంటివి బయటి బొమ్మలను మొదట ఆపి ఉంచుతాయి. జీమెయిల్ 2013 డిసెంబరు నుంచి బొమ్మలను తన సొంత సర్వర్ ద్వారా తెచ్చి చూపిస్తోంది. ఆపిల్ 2021లో మెయిల్ వాడేవారికి ఇలాంటి రక్షణే ఇచ్చింది.

మూడోది పొదగడం. బొమ్మ ఉత్తరంలోనే ప్రయాణిస్తుంది, చెప్పిన చోట కనబడుతుంది. ఇది టిఫిన్ క్యారియర్ లాంటిది. ఒక గిన్నెలో మామూలు పాఠం, ఒక గిన్నెలో అలంకరించిన హెచ్‌టీఎంఎల్ పాఠం, ఒక గిన్నెలో బొమ్మ. బొమ్మ ఉన్న గిన్నెకు 'కంటెంట్ ఐడీ' అనే నంబరు ఉంటుంది. హాస్టల్‌లో ట్రంకు పెట్టెలకు మనం నంబర్లు రాసుకున్నట్టే. హెచ్‌టీఎంఎల్ పాఠం 'ఫలానా నంబరు బొమ్మను ఇక్కడ పెట్టు' అంటుంది. దీన్ని 'సీఐడీ' పద్ధతి అంటారు. బయటి సర్వర్ అవసరం లేదు, చదివేవారిని ఎవరూ గమనించరు, ఒకసారి ఉత్తరం దిగితే నెట్ లేకపోయినా బొమ్మ కనబడుతుంది.

దీనికీ లోపాలున్నాయి. ప్రతి ప్రతిలోనూ బొమ్మ బరువు ఉంటుంది. 410 కేబీ చొప్పున 140 మందికి అంటే 57 ఎంబీకి పైనే. కొన్ని యాప్‌లలో పొదిగిన బొమ్మ కింద అటాచ్‌మెంటుగా కూడా కనబడుతుంది. వందల్లో ఉన్న మనలాంటి వారికి పొదగడం నయం. వేలల్లో పంపేవారికి లంకె నయం.

బేస్ 64 అక్షరాలను నేరుగా హెచ్‌టీఎంఎల్ మధ్యలో కుక్కే 'డేటా యూఆర్ఐ' అనే పద్ధతి కూడా ఉంది. కంప్యూటర్ తెలిసినవారికి ఇది తేలికగా తోస్తుంది. కానీ జీమెయిల్ వాటిని చూపించదు. అటు వెళ్ళకండి.

అక్షరాలను బొమ్మ చేయకండి

ఈ పాఠంలో ఇదే ముఖ్యమైన భాగం. డీటీపీ సెంటర్లలో నేటికీ అను వంటి పాత ఫాంట్లు వాడుతున్నారు. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం వెనుక నిజానికి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే ఉంటాయి. ఆ ఫాంటు లేని యంత్రంలో అది పిచ్చిగీతల్లా కనబడుతుంది. అందుకే డీటీపీ వాళ్ళు పేజీనంతా బొమ్మగా చేసి ఇస్తారు. కాగితం మీద అచ్చు వేయడానికి అది సరే. ఈమెయిల్‌కు కాదు.

యూనికోడ్‌లో తెలుగుకు ప్రత్యేకంగా 128 స్థానాల గది ఉంది. ప్రతి అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ సొంత సంఖ్య ఉంటుంది. యూనికోడ్‌లో టైపు చేసిన ఉత్తరం ఏ ఫోనులోనైనా ఒకేలా చదవవచ్చు, అక్షరాలను పెద్దవి చేసుకోవచ్చు, 'ఫీజు' అని వెతికితే దొరుకుతుంది. అన్నిటికంటే ముఖ్యం, చూపు లేనివారికి కంప్యూటర్ చదివి వినిపించగలదు. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ మొదలుపెట్టగా, జేమ్స్ టే కలిసి తయారుచేసిన 'ఎన్‌వీడీఏ' అనే తెర చదివే సాఫ్ట్‌వేర్ ఉచితం. మా ఉపాధ్యాయ అన్న వాడేది అదే. అది అక్షరాలను చదువుతుంది. బొమ్మలో దాగిన అక్షరాలు దానికి అక్షరాలు కావు.

ఆ ఫోన్ వచ్చిన రాత్రి మాకు మా నాన్న చేతిలోని ఉత్తరం గుర్తుకొచ్చింది. చదువుకున్నామని అనుకుంటూనే, చదువుకున్న అన్న చేతికి చదవలేని కాగితం ఇచ్చాం.

బొమ్మ పెట్టినప్పుడు దాని వెనుక 'ఆల్ట్' అనే వివరణ రాసే వీలుంటుంది. బొమ్మ కనబడకపోతే ఆ మాటలు కనబడతాయి, తెర చదివే సాఫ్ట్‌వేర్ వాటినే చదువుతుంది. థండర్‌బర్డ్‌లో బొమ్మ చేర్చేటప్పుడు దీనికి గడి ఉంటుంది. జీమెయిల్ మామూలుగా ఫైలు పేరునే అక్కడ పెడుతుంది కనుక బొమ్మ కింద ఒక వాక్యం మనమే రాయడం మంచిది. 'ఫొటో' అని రాస్తే చాలదు. 'హాస్టల్ ముందు వేపచెట్టు కింద నిలబడిన పదో తరగతి విద్యార్థులు' అని రాయాలి.

బొమ్మను సిద్ధం చేయడం

1. వెడల్పు తగ్గించండి. ఫోను తీసిన ఫొటో 4000 × 3000 చుక్కలు అయితే మొత్తం 1 కోటి 20 లక్షలు. ఉత్తరానికి 600 × 450 సరిపోతుంది, అంటే 2 లక్షల 70 వేలు. 44 రెట్లు తగ్గింది. కంటికి తేడా తెలియదు.

2. ఫొటోలకు జేపీజీ, గీతలూ చిహ్నాలూ ఉన్న బొమ్మలకు పీఎన్‌జీ వాడండి.

3. ఒక ఉత్తరంలో మూడు బొమ్మలు మించవద్దు. అన్నీ కలిపి 500 కేబీ లోపు ఉంచుకోండి. ఇది మేము పెట్టుకున్న నియమం.

4. కెమెరాలో లొకేషన్ ఆపు చేసి ఫొటో తీయండి. లేకపోతే తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఫొటోలో దాగి ఉండవచ్చు. బాలికల హాస్టల్ చెల్లెళ్ళు ఈ జాగ్రత్త తప్పక పాటించాలి.

5. ఫొటోలో ఉన్నవారిని అడగండి. మా మొదటి లేఖలో చిరిగిన చొక్కాతో ఉన్న ఒక చిన్నవాడి ఫొటో పెట్టాం, సాయం త్వరగా వస్తుందని. "అన్నా, ఆ రోజు నాకు కొత్త చొక్కా కూడా ఉంది. అడిగితే వేసుకునేవాణ్ణి కదా" అన్నాడు వాడు. సమాధానం చెప్పలేకపోయాం.

పంపేటప్పుడు

కంప్యూటర్‌లో జీమెయిల్ వాడేవారు కింద ఫొటో గుర్తు నొక్కితే 'ఇన్‌లైన్', 'యాజ్ అటాచ్‌మెంట్' అని రెండు మాటలు కనబడతాయి. ఇన్‌లైన్ ఎంచుకుంటే సీఐడీ పని అంతా అదే చేసుకుంటుంది. ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నవారు పైథాన్‌తో పాటే వచ్చే 'ఈమెయిల్' మాడ్యూలుతో క్యారియర్ గిన్నెలను సొంతంగా పేర్చి చూడవచ్చు.

వర్డ్ నుంచి నేరుగా అతికించకండి. దానితో కనబడని ట్యాగులు బోలెడు వస్తాయి. హెచ్‌టీఎంఎల్ పాఠం సుమారు 102 కేబీ దాటితే జీమెయిల్ మిగతాది కత్తిరించి, మొత్తం చూడాలంటే మళ్ళీ నొక్కమంటుంది. తెలుగు అక్షరానికి యూటీఎఫ్ 8లో 3 బైట్లు పడతాయి కనుక మనకు ఆ హద్దు ఇంగ్లీషు వారికంటే ముందే వస్తుంది.

చిరునామాలు ఎప్పుడూ 'బీసీసీ' గడిలోనే వేయండి. ఒకరి చిరునామా మరొకరికి చూపే హక్కు మనకు లేదు. ఉచిత జీమెయిల్ ఖాతా నుంచి రోజుకు 500 మందికి మించి పంపనివ్వరు.

కోరనివారికి గుంపుగా పంపడం కొత్త రోగం కాదు. 1978 మేలో గ్యారీ థర్క్ అనే అమ్మకాల ఉద్యోగి తమ కంపెనీ కంప్యూటర్ల గురించి సుమారు 400 మందికి ఒకేసారి పంపి చీవాట్లు తిన్నాడు. అప్పటినుంచి కాపలా పెరుగుతూనే ఉంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ నిబంధనలు గట్టి చేశాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా పంపేవారు తమ ఉత్తరం తమదేనని ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు ముద్రలతో రుజువు చేసుకోవాలి, ఒక్క నొక్కుతో వైదొలగే వీలు ఇవ్వాలి. మనకు అంత సంఖ్య లేకపోయినా మర్యాద అదే. 'ఇకపై వద్దనుకుంటే ఒక్క మాట జవాబివ్వండి, పేరు తీసేస్తాం' అని అడుగున రాయండి. ఎవరైనా రాస్తే నిజంగా తీసేయండి.

అందరికీ పంపే ముందు ఐదుగురికి పంపి చూడండి. ఒకరు ఫోనులో, ఒకరు కంప్యూటర్‌లో, ఒకరు ఆఫీసు మెయిల్‌లో, ఒకరు బొమ్మలు ఆపుచేసి, ఒకరు తెర చదివే సాఫ్ట్‌వేర్‌తో. ముఖ్యమైన విన్నపం, గడువు తేదీ ఉత్తరం మొదటి నాలుగు వాక్యాల్లోనే ఉండాలి. ఫొటోలు ఆ తర్వాత.

రెండో ఉత్తరం

ఈ నియమాలతో రెండో లేఖ తయారుచేశాం. యూనికోడ్ తెలుగు పాఠం, రెండు ఫొటోలు, మొత్తం 260 కేబీ. డీటీపీ పేజీ అంత అందంగా లేదు. ఇద్దరు తమ్ముళ్ల పరీక్ష ఫీజు సంగతి మొదటి పేరాలోనే రాశాం. నాలుగు రోజుల్లో 31 జవాబులు వచ్చాయి, ఫీజులు గడువుకు ముందే కట్టాం. ఉపాధ్యాయ అన్న రాసిన జవాబు మా దగ్గర భద్రంగా ఉంది: "వేపచెట్టు ఇంకా ఉందన్నమాట. మా రోజుల్లో దాని కింద పంపు ఉండేది. ఇప్పుడు ఉందా?" ఆయన ఫొటోను చూడలేదు. దాని కింద మేము రాసిన వాక్యాన్ని విన్నాడు.

పంపు ఇప్పుడు లేదని, దాని చోట ట్యాంకు కట్టారని రాశాం.

మొదటి లేఖ వల్ల సీటు పోయిన తమ్ముడు ఇప్పుడు రెండో సంవత్సరం చదువుతున్నాడు. సెలవుల్లో వచ్చినప్పుడు ఈ పాఠం అతనికి చూపించి, అతని సంగతి రాయవచ్చా అని అడిగాం. రాయమన్నాడు. మూడో లేఖకు బీసీసీ జాబితా తానే చూస్తానన్నాడు.

అభ్యాసం

1. ఒక జేపీజీ ఫొటో పొదిగిన ఉత్తరాన్ని మీకు మీరే పంపుకుని 'షో ఒరిజినల్'లో కంటెంట్ ఐడీ ఎక్కడుందో, బేస్ 64 ఎక్కడ మొదలైందో గుర్తించండి.

2. ఇంగ్లీషు పెద్దబడి 'ఎం', చిన్నబడి 'ఏ', చిన్నబడి 'ఎన్' అక్షరాల సంఖ్యలు 77, 97, 110. వీటిని బేస్ 64లోకి మార్చండి. ఆరేసి బిట్ల సంఖ్యలు 19, 22, 5, 46 రావాలి.

3. మీ గదిలోని ఒక ఫొటో తీసుకుని, దాన్ని చూడలేని ఒక అన్నకు అర్థమయ్యేలా ఒక్క వాక్యంలో వివరణ రాయండి. రాసినది పక్క మిత్రుడికి చదివి వినిపించి, అతనికి ఏం కనబడిందో అడగండి.